పీవీసీ పైపు వేణువు: లెక్క ప్రకారమే కోశాను, అయినా శ్రుతి కిందికి పోయింది, అన్ని బెజ్జాలూ మూస్తే అసలు పలకట్లేదు

గాలిగొట్టం:

అందరికీ నమస్కారం. పక్కకి పట్టుకుని ఊదే పిల్లనగ్రోవి కాదు, పై కొసన పెదవి ఆనించి నిలువుగా ఊదే వేణువు ఒకటి పైపుతో చేద్దామని కూర్చున్నాను. జపాన్ వాళ్ల షాకుహాచి నమూనా, ముందు 4 బెజ్జాలు, వెనక బొటనవేలికి 1. వెదురుతో చేయడమంటే కణుపులు తొలవాలి, ఎండబెట్టాలి, పగుళ్లు చూసుకోవాలి, అదంతా నా వల్ల కాదనిపించింది. నీళ్ల పైపుల పని అయ్యాక మిగిలిన పీవీసీ ముక్క ఒకటి మూలన ఉంటే దాని మీద పడ్డాను. లోపలి వ్యాసం దాదాపు 21 మిల్లీమీటర్లు, గోడ మందం 3 మిల్లీమీటర్లకి కాస్త తక్కువ.

లెక్క ఇలా వేశాను. రెండు కొసలూ తెరిచి ఉన్న గొట్టానికి అడుగు స్వరం, అంటే అన్ని బెజ్జాలూ మూస్తే వచ్చేది, పలకాలంటే ఆ స్వరం తరంగంలో సగం పొడవు ఉండాలి కదా. నాకు కావాల్సింది పాశ్చాత్య స్వరాల్లో డి, అంటే 293.66 హెర్ట్జ్. గదిలో 25 డిగ్రీలు, ధ్వని వేగం సెకనుకి 346 మీటర్లు వేసుకుంటే 58.9 సెంటీమీటర్లు వచ్చింది. 59 దగ్గర హ్యాక్సాతో కోసేశాను. బెజ్జాలు కింది కొస నుంచి మొత్తం పొడవులో 22, 32, 42, 51.5 శాతం దగ్గర, వెనకది 58 శాతం దగ్గర పెట్టాను. ఐదూ 10 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో ఒకే ఊపులో కొట్టేశాను.

రెండు రోజులు ఉఫ్ ఉఫ్ మని గాలి చప్పుడే తప్ప స్వరం లేదు. మూడో రోజు ఎలాగో పలికింది, ఎంత ఆనందమేసిందో చెప్పలేను. కానీ పై బెజ్జాలు తెరిచి ఉంచితేనే తేలిగ్గా పలుకుతోంది, ఒక్కొక్కటే మూసుకుంటూ కిందికి వచ్చేకొద్దీ బలం తగ్గిపోయి, అన్నీ మూస్తే మళ్లీ ఉఫ్. పదిసార్లు ఊదితే ఒక్కసారి పలుకుతుంది, అలా పలికినప్పుడు ట్యూనర్ యాప్‌లో చూస్తే డి కాదు కదా, దానికి అర మెట్టు కిందుండే సి షార్ప్ కూడా కాదు, సి షార్ప్‌కి పాతిక సెంట్లు కింద ఉంది (అర మెట్టుని వంద భాగాలు చేస్తే ఒక భాగం ఒక సెంటు). ఎక్కడ తప్పు చేశాను? దీన్ని బాగుచేయొచ్చా, లేక పారేసి కొత్త పైపు తెచ్చుకోనా?

ఆకురాయి:

పారేయకండి. మీ లెక్క తప్పు కాదు, సగంలో ఆగిపోయింది అంతే.

గొట్టంలో ఊగే గాలి పైపు కొస దగ్గర గిరిగీసినట్టు ఆగిపోదు, కాస్త బయటికి కూడా వచ్చి ఊగుతుంది. అంటే గాలి దృష్టిలో మీ పైపు స్కేలు మీద కనిపించే దానికన్నా పొడవు. కింది కొస దగ్గర ఈ అదనం లోపలి వ్యాసార్ధానికి 0.6 రెట్లు, మీకు 6 మిల్లీమీటర్లు వస్తుంది, అది పెద్ద విషయం కాదు. అసలు దెబ్బ పై కొసలో తగులుతుంది. అక్కడ మీ పెదవి, గడ్డం కలిసి గొట్టం నోటిని చాలావరకు మూసేస్తాయి, గాలి తిరగడానికి మిగిలేది చిన్న సందు, ఆ సందు ఎంత చిన్నదైతే గొట్టం అంత పొడవైనట్టు ప్రవర్తిస్తుంది. ఈ సైజు పైపుల్లో అది మూడున్నర నుంచి నాలుగు సెంటీమీటర్ల దాకా ఉంటుంది. రెండూ కలిపి 4.4 అనుకోండి, మీ 59కి కలిపితే 63.4, దాన్నుంచి వెనక్కి లెక్క కడితే 273 హెర్ట్జ్. సి షార్ప్ 277.2. మీ యాప్ చూపించిన పాతిక సెంట్ల తేడా అక్కడ ఉంది చూశారా, మీ పైపు లెక్క ప్రకారమే పలుకుతోంది పాపం.

షాకుహాచి అన్న పేరులోనే కొలత ఉంది. ఒక షాకు, ఎనిమిది సున్ అని. షాకు అంటే 30.3 సెంటీమీటర్లు, సున్ అందులో పదో వంతు, మొత్తం 54.5 సెంటీమీటర్లు, దాని అడుగు స్వరం డి. ఇప్పుడు 54.5కి 4.4 కలపండి. 58.9 వచ్చిందా? మీకు లెక్కలో వచ్చిన అంకె అదే, దాన్ని గాలి పొడవుగా కాకుండా పైపు పొడవుగా తీసుకున్నారు.

ఇక ఏం చేయాలంటే, డి మీద ఆశ వదులుకోండి, కనీసం ఈ పైపుతో. కింద 4.5 సెంటీమీటర్లు కోసేస్తే డి వచ్చేస్తుంది కదా అని అనిపిస్తుంది, వస్తుంది కూడా, కానీ అడుగు స్వరం ఒక్కటే పెరుగుతుంది, బెజ్జాలు ఉన్నచోటే ఉంటాయి కాబట్టి వాటి స్వరాలు దాదాపు కదలవు. అడుగున డి, మొదటి బెజ్జం తెరిస్తే ఎఫ్ రావాల్సింది పోయి దాని కింది ‘ఇ’ స్వరం దగ్గర మూలుగుతుంది, ఆ మొదటి మెట్టు పాడైపోతుంది. పై నుంచి కోస్తే అన్ని స్వరాలూ పెరుగుతాయి గానీ పైవి ఎక్కువ, కిందివి తక్కువ పెరుగుతాయి, పైగా ఊదే అంచున కోసిన గాటు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. మీరు బెజ్జాలు శాతాల్లో పెట్టుకోవడం మంచిదైంది, నిష్పత్తి చెడలేదు. కింద ఒక్క సెంటీమీటరు కోసి 58 చేయండి, అడుగు స్వరం సి షార్ప్‌కి వచ్చేస్తుంది. జపాన్‌లో కూడా ఒక షాకు తొమ్మిది సున్ వేణువు ఉంది, 57.6 సెంటీమీటర్లు, దాని శ్రుతి సి షార్పే. మీరు తెలియకుండా దాని తమ్ముణ్ణి చేశారు.

మిగతా స్వరాలు కాస్త తక్కువగా ఉంటే ఆ బెజ్జాన్ని గుండ్రటి ఆకురాయితో పై అంచు వైపు అరగదీయండి. ఒక మిల్లీమీటరు పెరిగితే పది పదిహేను సెంట్లు లేస్తుంది.

వేలిముద్ర:

ఆకురాయి గారు చెప్పిందంతా కరెక్టే కానీ దయచేసి ఇవాళ ఆకురాయి పట్టుకోకండి. ఊదడమే ఇంకా కుదరని మనిషి శ్రుతి సరిచేయడమంటే, కొలబద్ద సాగుతూ ఉండగా బట్ట కొలిచినట్టు ఉంటుంది.

ముందు కింది స్వరం సంగతి. పై స్వరాలు పలికి కిందికి వచ్చేకొద్దీ బలం తగ్గిందన్నారు కదా, అక్కడే నాకు అర్థమైంది. మీరు నోటిని అనుమానిస్తున్నారు, దొంగ వేళ్లలో ఉన్నాడు. ఏదో ఒక వేలు పూర్తిగా మూయట్లేదు. వెంట్రుకంత సందు చాలు, పై స్వరాలకి తెలియదు గానీ అడుగు స్వరం చచ్చిపోతుంది. పరీక్ష చాలా సులువు. ఐదు బెజ్జాల మీదా ఇన్సులేషన్ టేప్ గట్టిగా అంటించి ఊదండి. స్వరం హాయిగా వచ్చిందా, మీ నోరు బాగానే ఉంది. అప్పుడు పై నుంచి ఒక్కొక్క టేపే తీసి ఆ చోట వేలు పెట్టి ఊదుకుంటూ రండి, ఎక్కడ స్వరం తుస్సుమంటే ఆ వేలే.

టేప్ ఉన్నా పలకలేదంటే అప్పుడు గాటు చూడాలి. గాటు ఎలా కోశారో మీరు చెప్పలేదు. వాలు బయటి వైపు మాత్రమే ఉండాలి, గోడ లోపలి ముఖాన్ని అస్సలు తాకకూడదు. పెన్సిల్ చెక్కినట్టు బయట నుంచి లోపలికి దాదాపు 30 డిగ్రీల వాలు, ఆ వాలు లోపలి గోడని కలిసేచోట కత్తి అంచులా ఒక గీత. ఆ గీత మీదే మీ ఊపిరి రెండుగా చీలి, ఒకసారి లోపలికి ఒకసారి బయటికి ఊగుతుంది, స్వరం పుట్టేది అక్కడే. చాలామంది పెదవికి గుచ్చుకుంటుందేమో అని ఆ అంచుని శాండ్ పేపర్‌తో గుండ్రంగా చేసేస్తారు, అంతే, ఇక ఎంత ఊదినా ఉఫ్. పెదవి తగిలేది ఎదురు వైపు అంచుకి, దాన్ని ఎంత నున్నగా చేసుకున్నా పర్వాలేదు.

ఇంకొకటి, బెజ్జం లోపలి వైపు తొంగి చూడండి. ఒకేసారి 10 మిల్లీమీటర్ల బిట్ దింపితే పీవీసీ లోపల మీసాల్లా పీలికలు వేలాడుతూ ఉంటాయి. అవి కూడా గాలికి అడ్డమే. సన్నటి కత్తితో గీకేయండి.

తొందరపడను:

నాకు తెలిసినంతలో మొదటి పైపుకి షాకుహాచి నోరు ఎంచుకోవడమే పొరపాటు. కేనా చేయండి, పలికించడం తేలిక. దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల వాళ్లది. అదీ కొసన ఊదేదే, కాకపోతే అంచు మీద వాలుకి బదులు ఇంగ్లీషు యు అక్షరంలా ఒక గాటు ఉంటుంది, ఒక సెంటీమీటరు వెడల్పు, 7-8 మిల్లీమీటర్ల లోతు, దాని అడుగున బయట నుంచి వాలు. ఊపిరి ఆ గాట్లోకి దానంతట అదే దారి పట్టినట్టు వెళ్తుంది. పొడవు 38 సెంటీమీటర్ల దగ్గర, జి శ్రుతి, ముందు 6, వెనక 1 బెజ్జాలు. వేళ్లు ఇంత చాచక్కర్లేదు. ఏడు స్వరాలూ నేరుగా వస్తాయి.

ఆకురాయి:

కేనా మంచిదే, కాదనను. కానీ తేలిక అన్న మాటకి ఒప్పుకోను. రెండూ చేశాను, రెండిట్లోనూ మొదటి వారం ఒకేలా ఏడిపించింది. గాటు లోతుగా ఉంటే గురి సులువవుతుంది నిజమే, దానికి బదులు తల వంచి స్వరం జార్చే వీలు తగ్గుతుంది. షాకుహాచి అంచు మీద గడ్డం కిందికి దించితే స్వరం అర మెట్టు, అలవాటైతే ఇంకా ఎక్కువ, కిందికి జారుతుంది. దాన్ని వాళ్లు మేరి అంటారు, గడ్డం ఎత్తితే కారి. మన గమకాలకి ఇంతకన్నా ఏం కావాలి? ఐదు బెజ్జాలతో ఆ వేణువు అన్ని స్వరాలు పలికించేది ఈ తల ఆటతోనూ సగం మూసిన బెజ్జాలతోనే.

పొగ వద్దు:

మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి, ఇది చెప్పకపోతే నిద్ర పట్టదు. వెదురుకి బెజ్జాలు ఇనుప చువ్వ కాల్చి పెడతారు, అది చూసినవాళ్లు పీవీసీకీ అదే చేస్తుంటారు. వద్దు. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది, అది తడి తగిలితే ఆమ్లం, కంట్లో గొంతులో ఉండేది తడే కదా. నేనూ ఒకసారి సోల్డరింగ్ ఐరన్‌తో ఒక్క బెజ్జమే కదా అని పెట్టి సాయంత్రం దాకా దగ్గుతూ కూర్చున్నాను. డ్రిల్లే వాడండి, ముందు 3 మిల్లీమీటర్లు, తర్వాత 6, ఆ పైన నెమ్మదిగా. పైపు లోపల సరిపోయే కర్ర ముక్క ఒకటి దూర్చి డ్రిల్ చేస్తే ఇందాక ఎవరో చెప్పిన మీసాలు రావు, అవతలి గోడకి చిల్లు పడదు.

అరగదీసేటప్పుడు శాండ్ పేపర్ నీళ్లలో తడిపి వాడండి, పొడి గాల్లోకి లేవదు. అయ్యాక సబ్బు నీళ్లతో లోపలా బయటా కడగండి. ఇంకో మాట, నోట్లో పెట్టుకునే వస్తువు కాబట్టి తాగునీటికి పనికొస్తుందని ముద్ర ఉన్న పైపే తీసుకోండి. పాత పీవీసీ పైపుల్లో సీసం కలిసిన పదార్థాలు వాడేవాళ్లు, ఎప్పటిదో తెలియని ముక్క అయితే పారేయడమే మేలు. మూలన ఉన్నది అన్నారు గనక అడుగుతున్నా, దాని మీద ముద్ర ఏమైనా కనిపిస్తోందా?

ఎండలో కారులో వదిలేయకండి కూడా. పీవీసీ 75, 80 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మామూలు వేడికి కరగదు గానీ ఒక పక్కకి వంగి అరటికాయలా తయారవుతుంది.

గాలిగొట్టం:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు, అందరికీ ధన్యవాదాలు. ముందు పొగ వద్దు గారికి: ముద్ర ఉంది, తాగునీటి పైపే, ఈ మధ్యే కొన్నదాంట్లో మిగిలింది. కాల్చలేదు, డ్రిల్లే.

వేలిముద్ర గారూ, టేప్ అంటించాను. ఏం చెప్పమంటారు, మొదటి ఊపిరికే పలికింది! అంత బొంగురుగా, అంత నిండుగా వస్తుందని అనుకోలేదు, పక్క గదిలోంచి ఏమైందని పరిగెత్తుకొచ్చారు. తర్వాత మీరు చెప్పినట్టు ఒక్కో టేపు తీసుకుంటూ వచ్చాను. ముందున్న నాలుగూ బాగానే ఉన్నాయి, వెనక బొటనవేలి దగ్గర దొరికింది. బొటనవేలు కొనతో మూస్తున్నాను, అదేమో బెజ్జం ఒక అంచుని వదిలేస్తోంది, నాకేమో మూసినట్టే అనిపిస్తోంది. వేలు మధ్య మెత్తటి భాగం ఆనిస్తే మూసుకుంది. లోపల మీసాలు కూడా ఉన్నాయి, రెండు బెజ్జాలకి. గీకేశాను.

కానీ ఇప్పుడు కొత్త తలనొప్పి. నిన్న రాత్రి ఊదితే అడుగు స్వరం సి షార్ప్‌కి పాతిక కింద, ఇవాళ పొద్దున ఊదితే నలభై కింద, ఇప్పుడు ఇరవై. పైపు మారలేదు, యాప్ మారలేదు. ఇంకా ఏమీ కోయలేదు కూడా. దేన్ని నమ్మాలి?

వేలిముద్ర:

అందుకే ఆకురాయి పట్టుకోవద్దన్నది :)

మూడు మారుతున్నాయి. ఒకటి వేడి. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే శ్రుతి 3 సెంట్లు లేస్తుంది, పొద్దున చల్లగా ఉన్న గదిలో, చల్లటి పైపు తీసి ఊదితే తక్కువ చూపించడం సహజమే. ఐదు నిమిషాలు ఊది లోపలి గాలి వెచ్చబడ్డాక కొలవండి, ప్రతిసారీ అలాగే. రెండోది ఊపిరి బలం, గట్టిగా ఊదితే పైకి లేస్తుంది.

మూడోదే అన్నిటికన్నా పెద్దది, మీ పెదవి. కొత్తలో అందరం స్వరం జారిపోతుందేమో అని భయంతో పైపుని నోటికి అదిమిపట్టి, గొట్టం నోటిని అవసరానికి మించి కప్పేస్తాం. ఆకురాయి గారు చెప్పిన సందు లెక్క గుర్తుంది కదా, కప్పేకొద్దీ శ్రుతి తగ్గుతుంది. రెండు మూడు వారాలకి ఆ భయం పోయి పెదవి సడలుతుంది, అదే పైపు 20, 30 సెంట్లు పైకి లేచి కూర్చుంటుంది. నా మొదటి వేణువుకి మొదటి రోజే ట్యూనర్ పెట్టి అన్ని బెజ్జాలూ అరగదీశాను, శ్రుతి అద్దంలా కుదిరింది. నెల తిరిగేసరికి అన్నీ ఎక్కువైపోయాయి, ఇక బెజ్జం చిన్నది చేయడానికి ఎపాక్సీ పుట్టీతో కుస్తీ. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అనలేదు.

కాబట్టి మూడు వారాలు కింద ఆ సెంటీమీటరు కూడా కోయకండి. రోజూ పది నిమిషాలు అన్నీ మూసి అడుగు స్వరం ఒక్కటే ఊదండి, విసుగు పుడుతుంది, అయినా సరే. కళ్లు తిరిగితే ఆపి కూర్చోండి, మొదట్లో ఊపిరి ఎక్కువ వదిలేస్తాం కదా, అది మామూలే. వారానికోసారి ట్యూనర్‌లో చూసి అంకె రాసుకోండి. అంకె కదలడం ఆగిన రోజు కోయండి.

తొందరపడను:

ఈ మూడు వారాల మాట మాత్రం బంగారం. పేరు తొందరపడను అని పెట్టుకుని నేనూ అదే తప్పు చేశాను.

బెజ్జం పెద్దదైపోతే పుట్టీ కన్నా ముందు టేప్ ప్రయత్నించండి. బెజ్జం పై అంచు మీద సన్నటి టేప్ ముక్క కాస్త కప్పేలా అంటిస్తే స్వరం దిగుతుంది, ఎంత కప్పాలో తేలాక అప్పుడు పుట్టీ.

గ్రహభేదం:

శ్రుతి గోల మీరు తేల్చుకోండి, నేను ఇంకో సంగతి చెప్తా. ఈ ఐదు బెజ్జాల వేణువులో వరసగా తెరుచుకుంటూ పోతే వచ్చేవి డి, ఎఫ్, జి, ఎ, సి, మళ్లీ పై డి. అందరూ దీన్ని జపాన్ స్వరాలు అనేసి ఊరుకుంటారు. డి ని షడ్జమం అనుకుంటే సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, కైశికి నిషాదం, అంటే శుద్ధ ధన్యాసి. వేళ్లు మార్చకుండా ఎఫ్ దగ్గర షడ్జమం పెట్టుకోండి, మోహన. జి దగ్గర పెట్టుకుంటే మధ్యమావతి. ఎ దగ్గర హిందోళం. సి దగ్గర శుద్ధ సావేరి. ఒక్క పైపు, ఐదు రాగాలు, తలాడించే పని కూడా లేదు. గాలిగొట్టం గారి పైపు సి షార్ప్ కాబట్టి అన్నీ అర మెట్టు దిగుతాయి, రాగాలు మాత్రం అవే.

మోహన కోసం చూస్తే రెండో స్వరం షడ్జమం అవుతుంది కాబట్టి కింద ధైవతం దాకా ఒక మెట్టు దిగొచ్చు, పైన మాత్రం రెండో స్థాయిలోకి వెళ్లాలి. రెండో స్థాయి ఎలా అంటే వేళ్లు అవే, పెదవుల మధ్య సందు చిన్నది చేసి ఊపిరి సన్నగా, వేగంగా వదలాలి. గట్టిగా కాదు, వేగంగా. ఈ తేడా నోటికి తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది.

చిల్లుల్లేని బాబాయ్:

ఇంత గొడవ ఎందుకు, బెజ్జాలే లేకుండా చేయండి. హాస్యానికి కాదు, నిజంగా. స్లొవేకియాలో కొంచోవ్కా అని ఒక వేణువు ఉంది, దానికి వేళ్ల బెజ్జాలు ఒక్కటీ ఉండవు. కింది కొసని వేలితో మూస్తూ తెరుస్తూ, ఊపిరి వేగం మారుస్తూ వాయిస్తారు. తెరిస్తే అడుగు స్వరానికి 2, 3, 4, 5 రెట్ల స్వరాలు వరసగా వస్తాయి, మూస్తే అడుగు ఒక స్థాయి కిందికి పోయి దాని బేసి రెట్లే పలుకుతాయి, 3, 5, 7 అలా. ఈ రెండు వరసలూ కలిపితే పాట వచ్చేస్తుంది. దాని నోరు ఈలలాంటిది అనుకోండి, కానీ సూత్రం మీ పైపులో కూడా పనిచేస్తుంది. కొత్త ముక్క కోసినప్పుడు గాటు పెట్టి, బెజ్జాలు కొట్టక ముందు నాలుగు రోజులు ఇలా ఆడుకోండి. గాటు బాగుందో లేదో అక్కడే తెలిసిపోతుంది, చెడితే ఒక అంగుళం కోసి మళ్లీ పెట్టుకోవచ్చు. బెజ్జాలు పడ్డాక ఆ అవకాశం ఉండదు.

ఆకురాయి:

బాబాయ్ చెప్పిన వరసే అసలు వరస. గాటు, ఊదడం, పొడవు, ఆఖరికి బెజ్జాలు. అందుకే పైపుని కావాల్సిన దానికన్నా మూడు నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ కోసి మొదలుపెడతాను, గాటు చెడగొట్టుకునే హక్కు నాకుండాలి కదా.

పైపు అని చిన్నచూపు చూసేవాళ్లకి ఒక మాట. జర్మనీలో హోలె ఫెల్స్ గుహలో 2008లో రాబందు ఎముకతో చేసిన వేణువు దొరికింది, 35 వేల ఏళ్ల పైమాటే. దానికీ ఐదు బెజ్జాలు, ఊదే కొసన గాటు. ఆ మనిషికి కూడా దొరికిన గొట్టంతోనే పని.

గాలిగొట్టం:

మూడు వారాలు కాలేదు, పంతొమ్మిది రోజులైంది, అబద్ధం ఎందుకు. రాసుకున్న అంకెలు ఇవి: మొదటి వారం చివర సి షార్ప్‌కి 22 కింద, రెండో వారం చివర 9 కింద, నిన్న 6, ఇవాళ 6. ఒక సెంటీమీటరు కోయమన్నారు కదా, మొదటి రోజే కోసి ఉంటే ఇప్పుడు ఇరవై సెంట్లకి పైగా ఎక్కువ పలికేది. ఇప్పుడు కోయాల్సింది రెండు మిల్లీమీటర్లు మాత్రమే, అది హ్యాక్సాతో కాదు, నేల మీద శాండ్ పేపర్ పరిచి పైపు కొసని తిప్పుతూ అరగదీశాను. ఇప్పుడు సూది దాదాపు మధ్యలో ఉంది. బెజ్జాల్లో మూడోది ఒక్కటే కాస్త తక్కువ, దాన్ని ఇంకో వారం చూస్తాను.

మోహన రెండో స్థాయిలో ఇంకా కీచుమంటోంది. కొత్త పైపు కూడా తెచ్చాను, ఈసారి డి. 58 సెంటీమీటర్లు కోసి గాటు పెట్టాను, బెజ్జాలు లేవు. వేలిముద్ర గారూ, ఒక సందేహం. ఈ కొత్తదానికి ఉంగరపు వేలి బెజ్జం నడిమి గీత మీదే పెట్టాలా, పక్కకి జరపొచ్చా? నా వేలు అక్కడిదాకా నిటారుగా సాగట్లేదు.

వేలిముద్ర:

జరపండి. పైపు చుట్టూ ఎటు జరిపినా గాలికి తేడా తెలియదు, కొస నుంచి దూరం మారకూడదు అంతే. మీ చేతికి ఎటు హాయిగా ఉంటే అటు ఐదారు మిల్లీమీటర్లు. పెన్సిల్‌తో గుర్తు పెట్టే ముందు పైపుని ఊదే పద్ధతిలో పట్టుకుని కళ్లు మూసుకోండి, వేలు ఎక్కడ వాలితే అక్కడ గుర్తు పెట్టమని ఇంట్లో ఎవరినైనా అడగండి.